మలుపులో బైక్ ముందు టైరు జారకుండా ఏం చేయాలి?

"మలుపు తిరుగుతుంటే ముందు చక్రం ఉన్నట్టుండి పక్కకు పోయింది. స్పీడు కూడా పెద్దగా లేదు. ఎందుకిలా?" పాఠకులు నన్ను మళ్లీ మళ్లీ అడిగే ప్రశ్న ఇది. అడిగేవాళ్లలో నిన్నమొన్న బండి నేర్చుకున్నవాళ్లూ ఉన్నారు, ఏళ్ల తరబడి నడుపుతున్నవాళ్లూ ఉన్నారు. అందరికీ విడివిడిగా చెప్పే బదులు మొత్తం ఒకచోట రాస్తున్నాను.

చాలామంది ముందు టైరును తిడతారు, లేదంటే రోడ్డును. కొన్నిసార్లు అది నిజమే. కానీ ఆ క్షణంలో చేతులు ఏం చేస్తున్నాయని అడిగితే ఎక్కువసార్లు బయటపడేది ఒకటే. బండి వాలి ఉండగా ముందు చక్రం మీద ఇంకో పని హఠాత్తుగా వేశారు. బ్రేకు పట్టేశారు, లేదా రేజ్ ఒక్కసారిగా వదిలేశారు, లేదా భయంతో హ్యాండిల్ బిగపట్టారు. టైరు చాలా బరువు మోయగలదు. హఠాత్తుగా మీద పడేదాన్నే మోయలేదు. కింద చెప్పే పద్ధతులన్నీ దీని చుట్టూనే తిరుగుతాయి.

వెనక టైరు జారితే బండి తోక ఊపుతుంది, చాలాసార్లు తనంతట తానే సర్దుకుంటుంది. ముందు టైరు అలా కాదు. హ్యాండిల్ చేతిలో తేలికైపోతుంది, చక్రం లోపలికి ముడుచుకుంటుంది, అంతే, బండి పక్కకు పడిపోతుంది. ఆలోచించే వ్యవధి ఉండదు. కాబట్టి పని అంతా ముందే జరగాలి.

లెక్క కొంచెం

టైరుకు ఉన్న పట్టు ఒక్కటే. మలుపు తిరగడానికీ, బ్రేకు వేయడానికీ అందులోంచే తీసుకోవాలి. పొడి తారు రోడ్డు మీద మంచి టైరు పట్టును 100 అనుకుందాం. బండిని దాదాపు 31 డిగ్రీలు వాల్చి తిరుగుతుంటే మలుపుకే 60 ఖర్చవుతుంది. బ్రేకుకు మిగిలేది 40 అనుకుంటాం కదా, కాదు. మలుపు లాగేది పక్కకు, బ్రేకు లాగేది వెనక్కు. అందుకని ఇంకా 80 వరకు ఉంటుంది (60 వర్గం, 80 వర్గం కలిపితే 100 వర్గం). అంటే పొడి రోడ్డు మీద మీరు భయపడినంత తక్కువేమీ లేదు.

ఇప్పుడు వాన పడి పట్టు 60కి తగ్గిందనుకోండి. అదే మలుపు, అదే స్పీడు, అదే వంపు. మలుపుకే 60 పోయింది. బ్రేకుకు మిగిలింది సున్నా. నిన్న ఏమీ కాని చోట ఇవాళ వేలితో బ్రేకు తాకితేనే పడిపోవడానికి కారణం ఇదే.

స్పీడు లెక్క కూడా చూడండి. 20 మీటర్ల వ్యాసార్థం ఉన్న మలుపులో గంటకు 30 కిలోమీటర్లతో వెళ్తే దాదాపు 20 డిగ్రీలు వాలాలి. 40తో అయితే 32 డిగ్రీలు. 50తో అయితే 45 డిగ్రీలకు చేరుతుంది. స్పీడు 10 శాతం పెరిగితే టైరు మీద పక్కకు పడే బలం 21 శాతం పెరుగుతుంది. "కొంచెమే ఎక్కువ స్పీడు" అనుకున్నది టైరుకు కొంచెం కాదు.

ఏమేం కావాలి

- టైరు గాలి కొలిచే గేజ్. సొంతంగా ఒకటి ఉంచుకోండి. గాలి కొట్టే చోట ఉండే గేజ్‌లు ఒకదానికొకటి పొంతన లేకుండా చూపిస్తుంటాయి.
- బండితో వచ్చిన మాన్యువల్. లేకపోతే చైన్ కవర్ మీదో, వెనక చక్రం పట్టుకునే స్వింగ్‌ఆర్మ్ మీదో అంటించిన స్టిక్కర్.
- టార్చిలైటు, శుభ్రమైన గుడ్డ, ఒక సన్నటి ప్లాస్టిక్ జిప్ టై.
- బండిని పట్టుకోవడానికి, తర్వాత మిమ్మల్ని గమనించడానికి ఒక మనిషి.
- వాహనాలు రాని, శుభ్రమైన, చదునైన తారు లేదా కాంక్రీటు మైదానం.
- హెల్మెట్, గ్లౌజులు, మందపాటి జాకెట్, చీలమండ దాకా కప్పే బూట్లు. సాధన మెల్లగానే చేస్తాం కదా అని వీటిని వదిలేయకండి. 20 కిలోమీటర్ల స్పీడులో పడ్డా అరచేతి తోలు లేచిపోతుంది.

బండి మీద చేయాల్సినవి

1. గాలి చూడండి, టైరు చల్లగా ఉన్నప్పుడే.

కనీసం మూడు గంటలు బండి నడపకుండా ఉంచి, ఎండ తగలని చోట కొలవండి. మాన్యువల్‌లో రాసిన అంకె చల్లటి టైరుకు సంబంధించినది. గాలి తక్కువైతే టైరు పక్కలు మెత్తబడి, బండి మలుపులోకి బద్ధకంగా వాలుతుంది, హ్యాండిల్ బరువుగా అనిపిస్తుంది. ఎక్కువైతే నేలను తాకే భాగం చిన్నదై చిన్న గతుకుకే చక్రం ఎగురుతుంది. వాతావరణం దాదాపు 5 డిగ్రీలు చల్లబడితే గాలి ఇంచుమించు 1 పీఎస్ఐ తగ్గుతుంది కాబట్టి కాలం మారినప్పుడు తప్పకుండా చూసుకోవాలి.

జాగ్రత్త: టైరు పక్కన అచ్చువేసి ఉండే "గరిష్ఠం" అంకె ఆ టైరు తట్టుకోగల హద్దు. మీ బండికి కొట్టించాల్సిన గాలి అది కాదు. ఈ పొరపాటు నేను చాలా ఎక్కువగా చూస్తుంటాను. అలాగే "ముందుకీ వెనక్కీ ఒకటే కొట్టు" అనకండి, చాలా బళ్లకు రెండూ వేర్వేరు.

2. టైరును దగ్గర నుంచి చూడండి.

ముందు చక్రాన్ని మెల్లగా తిప్పుతూ మొత్తం చుట్టూ టార్చి వేసి చూడండి. గాడుల అడుగున అక్కడక్కడా చిన్న రబ్బరు గట్లు కనబడతాయి. టైరు ఆ గట్ల ఎత్తుకు అరిగిందంటే దాని పని అయిపోయింది. గాడులు నిండుగా ఉన్నాయని నిబ్బరపడొద్దు, వేలితో టైరు ఉపరితలం మీద అడ్డంగా రాయండి. ఒకవైపు వెళ్తే నున్నగా, తిరిగి వస్తే గరుకుగా తగిలితే గాడుల అంచులు వంకరగా అరిగాయని అర్థం. గాలి తేడా, ఫోర్కుల్లో (ముందు చక్రాన్ని రెండు పక్కలా పట్టుకుని ఉండే షాక్ గొట్టాలు) లోపం రెండూ దీనికి కారణం కావచ్చు.

తర్వాత వయసు. టైరు పక్కన "డాట్" అక్షరాలతో మొదలయ్యే వరస చివర నాలుగు అంకెలుంటాయి. 2319 అని ఉంటే 2019వ సంవత్సరం 23వ వారంలో తయారైంది. ఐదేళ్లు దాటాక ఏటా పరీక్షించాలని, పదేళ్లు దాటితే గాడులు ఎంత ఉన్నా తీసేయాలని పెద్ద టైరు కంపెనీలు చెబుతాయి. నన్నడిగితే ముందు టైరును ఆరేళ్లకు మించి ఉంచొద్దంటాను. రబ్బరు గట్టిపడిందో లేదో గోరుతో గుచ్చి చూడండి. మంచి రబ్బరులో గోరు కొంచెం దిగి, గుర్తు మెల్లగా మాయమవుతుంది. పాతబడింది ప్లాస్టిక్‌లా ఉంటుంది.

పక్కన బాణం గుర్తు కూడా చూడండి. చక్రం ముందుకు తిరిగే దిశలోనే బాణం ఉండాలి. పంక్చర్ వేసి తిరగేసి బిగించిన టైర్లు మనం అనుకున్నదానికంటే ఎక్కువే తిరుగుతున్నాయి.

జాగ్రత్త: బండి కడిగాక టైరు నల్లగా మెరవాలని రాసే పాలిష్ నేలను తాకే భాగం మీదకు రానివ్వకండి. పక్కల మీద రాసినా కారి అంచుకు చేరుతుంది. మలుపులో నేలను తాకేది ఆ అంచే.

3. కోన్‌సెట్ (హ్యాండిల్ తిరిగే చోట ఉండే బేరింగులు) చూడండి.

దీన్ని చాలామంది వదిలేస్తారు, అందుకే వివరంగా చెబుతున్నాను. బండిని సెంటర్ స్టాండ్ మీద పెట్టి, మీ మనిషిని వెనక సీటు మీద నొక్కమనండి. ముందు చక్రం గాల్లోకి లేస్తుంది. హ్యాండిల్‌ను ఒకే ఒక వేలితో ఈ చివర నుంచి ఆ చివరకు చాలా మెల్లగా తిప్పండి. సరిగ్గా తిన్నగా ఉండే చోటికి వచ్చేసరికి "టక్" అని చిన్న గుంటలో కూర్చున్నట్టు ఆగిందా? లోపల బేరింగులకు గుంటలు పడ్డాయి. ఈ గుంట వల్ల మలుపులో హ్యాండిల్ సహజంగా సర్దుకోలేదు, మీరు బలవంతంగా తిప్పాల్సి వస్తుంది. తర్వాత ఫోర్కుల కింది భాగం రెండు చేతులతో పట్టుకుని ముందుకూ వెనక్కూ లాగండి. ఏ కొంచెం కదలిక, చప్పుడు ఉన్నా కోన్‌సెట్ వదులైంది. బిగిస్తే సరిపోతుందా, మార్చాలా అనేది మెకానిక్ చెబుతాడు. గుంటలు పడితే మాత్రం బిగించి లాభం లేదు, మార్చడమే.

సెంటర్ స్టాండ్ లేని బండి అయితే ముందు చక్రాన్ని లేపే విడి స్టాండ్ (ప్యాడాక్ స్టాండ్) వాడండి, లేదా మెకానిక్ దగ్గర ముందు చక్రం లేపించి మీరే తిప్పి చూడండి. సైడ్ స్టాండ్ మీద వంచి, చక్రం లేపి చూసే పని ఒంటరిగా చేయకండి.

4. ఫోర్కులు, బ్రేకు.

ముందు బ్రేకు పట్టి హ్యాండిల్‌ను గట్టిగా కిందకు నొక్కి వదలండి. ఫోర్కులు దిగి, ఒక్కసారి పైకొచ్చి ఆగాలి. రెండు మూడుసార్లు ఊగితే లోపల ఆయిల్ పని అయిపోయింది. మెరిసే గొట్టం మీద ఆయిల్ వలయం కనబడితే సీల్ పోయింది. ఆ ఆయిల్ జారి డిస్క్ మీదకు చేరే లోపే బాగు చేయించండి. డిస్క్ దాకా వచ్చేసి ఉంటే బండి తీయొద్దు.

ఇప్పుడు జిప్ టై. దాన్ని ఫోర్కు మెరిసే గొట్టానికి కదిలేంత బిగువుగా కట్టి, ఆయిల్ సీల్‌కు ఆనించి ఉంచండి. రోజూ వెళ్లే దారిలో వెళ్లొచ్చి చూడండి. ఫోర్కు ఎంత దిగిందో అది చూపిస్తుంది. మామూలు ప్రయాణంలోనే చివరిదాకా పోయిందంటే మలుపులో బ్రేకుతో పాటు గతుకు తగిలితే ఫోర్కుకు దిగడానికి చోటు లేదు, ఆ దెబ్బ నేరుగా టైరు మీద పడుతుంది. మీరు కూర్చున్నప్పుడు ఫోర్కు దాని మొత్తం కదలికలో మూడో వంతు దాకా దిగి ఉండాలి. 120 మిల్లీమీటర్ల కదలిక ఉన్న ఫోర్కు అయితే 35 నుంచి 40. ముందు స్ప్రింగు సర్దే నట్టు ఉంటే సర్దుకోండి, లేకపోతే ఫోర్క్ ఆయిల్ మార్పించడంతో మొదలుపెట్టండి.

ఇక బరువు. వెనక ఒకరిని కూర్చోబెట్టుకుని, ఆ వెనక సామాను కూడా కడితే ముందు చక్రం తేలికవుతుంది. బరువైన వస్తువులు ట్యాంకు మీదకు లేదా సీటుకు దగ్గరగా జరపండి, వెనక గాలి మాన్యువల్ చెప్పినట్టు పెంచండి.

రోడ్డు మీద చేయాల్సినవి

5. తొలి కొన్ని కిలోమీటర్లు నెమ్మదిగా.

చల్లటి రబ్బరు గట్టిగా ఉంటుంది. రేసుల్లో టైర్లకు విద్యుత్ దుప్పట్లు కప్పి వేడెక్కించాకే ట్రాక్ మీదకు వదులుతారు. మన రోడ్డు టైర్లకు అంత వేడి అక్కర్లేదు గానీ, బయల్దేరగానే వచ్చే మొదటి మలుపును ఎప్పుడూ తడి మలుపు అనుకునే తిరగండి. కొత్త టైరు అయితే మొదటి 150 కిలోమీటర్లు వంపు కొంచెం కొంచెంగా పెంచండి. పైపొర నున్నగా ఉంటుంది, అది అరిగి గరుకు రావాలి. బండిని ఎడమాకుడీ ఊపితే టైరు వేడెక్కుతుందనుకోవడం భ్రమ. బ్రేకులు మెల్లగా వేస్తూ, స్పీడు పెంచుతూ వెళ్తేనే వేడెక్కుతుంది.

6. మలుపుకు ముందే, బండి నిటారుగా ఉండగానే స్పీడు తగ్గించండి.

ముందు బ్రేకును తడి స్పాంజిని పిండినట్టు నొక్కండి. మొదట మెల్లగా, తర్వాత గట్టిగా, చివరకు మళ్లీ మెల్లగా వదలాలి. ఇలా ఎందుకంటే బ్రేకు మొదలవగానే బరువు ముందుకు రావడానికి, ఫోర్కు దిగడానికి, టైరు నేలకు అణగడానికి కాస్త వ్యవధి పడుతుంది. ఆ బరువు వచ్చాక టైరు చాలా పట్టు ఇస్తుంది. రాకముందే లివర్ లాగేస్తే పట్టు లేని చక్రాన్ని ఆపమన్నట్టు.

గేరు కూడా అప్పుడే దించేయండి. బ్రేకు మొత్తం వదిలి, ఆ తర్వాతే బండి వాల్చండి. అనుభవం ఉన్నవాళ్లు బ్రేకును కొంచెం కొంచెం వదులుతూ మలుపులోకి వెళ్తారు. మంచి పద్ధతే, కానీ లివర్ మీద మీ వేలికి ఆ నాజూకు వచ్చాకే. మొదట నిటారు బ్రేకింగ్ అలవాటు చేసుకోండి.

జాగ్రత్త: కొన్ని స్కూటర్లలో, చిన్న బైకుల్లో వెనక బ్రేకు నొక్కినా ముందు బ్రేకు కొంత పడుతుంది. మీ బండిలో అలాంటి కలిపిన బ్రేకులు ఉంటే "నేను వెనక బ్రేకే కదా వేశాను" అనే మాట చెల్లదు. మాన్యువల్‌లో చూసుకోండి.

ఏబీఎస్ ఉంది కదా అంటారా? మామూలు ఏబీఎస్‌కు బండి వాలి ఉందో నిలబడి ఉందో తెలియదు. చక్రం పూర్తిగా ఆగిపోకుండా చూస్తుంది, అంతే. వంపును కొలిచి బ్రేకు బలాన్ని తగ్గించే రకం వేరు. 2014 మోడల్ కేటీఎం 1190 అడ్వెంచర్‌తో అది రోడ్డు బళ్లలోకి వచ్చింది. అది ఉన్నా సరే, ఇసుక మీద లేని పట్టును తెచ్చి ఇవ్వదు.

7. ఒక్కసారే వాల్చండి, ఆ తర్వాత చేతులు వదులు చేయండి.

కుడివైపు తిరగాలంటే కుడి హ్యాండిల్‌ను మెల్లగా ముందుకు తోయండి, బండి కుడికి వాలుతుంది. ఎడమకు ఎడమది. కావాల్సినంత వాలగానే తోయడం ఆపేయండి. అక్కడి నుంచి బండి తన దారిన తాను తిరుగుతుంది, ముందు చక్రం గతుకులకు తగ్గట్టు సన్నగా కదులుతూ సర్దుకుంటుంది. మీరు బిగపట్టారంటే ఆ సర్దుబాటును అడ్డుకుంటున్నారు.

చేతులు వదులుగా ఉండాలంటే శరీరం బరువు ఎక్కడో ఆనాలి. మోకాళ్లతో ట్యాంకును నొక్కి పట్టండి, నడుము బలంతో కూర్చోండి. స్కూటర్ మీద ట్యాంకు ఉండదు కాబట్టి పాదాలు పూర్తిగా ఆనించి, సీటు మీద కొంచెం ముందుకు జరగండి. వంపు మధ్యలో మోచేతులు కొంచెం పైకీ కిందకీ ఆడించగలుగుతున్నారా? ఆడితే సరిగ్గా ఉన్నట్టు.

పై శరీరాన్ని మలుపు లోపలివైపుకు కొంచెం వాల్చితే అదే స్పీడుకు బండి తక్కువ వాలితే సరిపోతుంది. తల ఒక్కటి ఆ వైపు జరిపినా తేడా తెలుస్తుంది.

8. రేజ్ నిలకడగా.

బండి వాలగానే స్పీడు పడిపోకుండా ఉండేంత రేజ్ ఇచ్చి అలాగే ఉంచండి. మలుపు చివర కనబడి, బండి లేస్తున్నప్పుడు పెంచండి. మధ్యలో భయం వేసి రేజ్ మొత్తం వదిలేస్తే బరువు ఒక్కసారిగా ముందుకు పడుతుంది, అప్పటికే మలుపుకు కష్టపడుతున్న టైరు మీద. భయపడ్డప్పుడు అందరికీ సహజంగా వచ్చే పని ఇదే, అందుకే ఇంత ప్రమాదం. వంపు పెంచుతూనే రేజ్ కూడా పెంచడం ఇంకో తప్పు. రెండింట్లో ఒకటి పెరుగుతుంటే రెండోది ఆగి ఉండాలి.

9. రోడ్డును ముందే చూడండి.

ఇసుక, కంకర, తడి ఆకులు, తెల్ల గీతలు, మ్యాన్‌హోల్ మూతలు, ఎండకు మెత్తబడిన తారు అతుకులు. వీటిలో తెల్ల గీత, ఇనప మూత పొడిగా ఉన్నప్పుడు పెద్దగా ఇబ్బంది పెట్టవు, తడిస్తే నమ్మకండి. డీజిల్ మరక తడి రోడ్డు మీద రంగురంగులుగా మెరుస్తుంది, పొడి రోడ్డు మీద నల్లటి చారలా ఉంటుంది, కంటికంటే ముందు ముక్కుకు తెలుస్తుంది. ఎండలు కాసిన తర్వాత పడే మొదటి వాన మొదటి నిమిషాలు చాలా చెడ్డవి, దుమ్మూ నూనే కలిసి పైకి తేలతాయి.

మలుపు మధ్యలో రోడ్డు ఎత్తెక్కి దిగే చోట కూడా జాగ్రత్త. ఎత్తు దాటగానే ముందు చక్రం మీద బరువు క్షణకాలం తగ్గుతుంది. అక్కడ బ్రేకు, అదనపు వంపు రెండూ వద్దు. రోడ్డు బయటివైపుకు వాలి ఉన్నా అంతే.

ఇవన్నీ దాటడానికి పద్ధతి ఒకటే: అది రాకముందే స్పీడు తగ్గించి, సరిగ్గా దాని మీద ఉన్నప్పుడు బండిని వీలైనంత నిటారుగా ఉంచి, రేజ్, బ్రేకు ఏదీ మార్చకుండా దొర్లనివ్వండి. మలుపు అవతల ఏముందో కనబడకపోతే, కనబడేంత దూరంలో ఆగగలిగే స్పీడులోనే వెళ్లండి.

10. మలుపు మధ్యలో ఆపాల్సి వస్తే.

చోటు ఉంటే ముందు బండిని నిటారుగా లేపి, ఆ తర్వాత గట్టిగా బ్రేకు వేయండి. చోటు లేకపోతే రెండు బ్రేకులూ చాలా మెల్లగా మొదలుపెట్టి, స్పీడు తగ్గి వంపు తగ్గేకొద్దీ బ్రేకు పెంచుతూ రండి. పొడి రోడ్డు మీద ఇది చాలావరకు పనిచేస్తుంది, పైన చూసిన 80 గుర్తుంది కదా. లివర్‌ను గుప్పిట పట్టి లాగితే మాత్రం ఆ 80లో ఏదీ పనికిరాదు.

స్పీడు ఎక్కువైందని మాత్రమే అనిపిస్తే, ఆపాల్సినదేమీ ఎదురుగా లేకపోతే, చూపు మలుపు చివరకు తిప్పి ఇంకొంచెం వాల్చండి. చాలామంది టైరుకు ఇంకా పట్టు ఉండగానే టెన్షన్‌తో బ్రేకు పట్టి పడిపోతారు. ఎదురుగా గోడనో గుంతనో చూస్తూ ఉంటే బండి అటే వెళ్తుంది.

11. జారడం మొదలైపోతే.

బ్రేకు పట్టి ఉంటే వదిలేయండి. రేజ్ వదలొద్దు, కుదిరితే వెంట్రుకవాసి పెంచండి. చేతులు వదులు చేయండి. ఇసుక ముక్క మీద జారితే ఇది చాలాసార్లు కాపాడుతుంది, ఆ ముక్క దాటగానే పట్టు తిరిగొస్తుంది. మోటోజీపీలో మార్క్ మార్కెజ్ 2017 వాలెన్సియా రేసులో ముందు చక్రం ముడుచుకుపోయాక కూడా మోకాలు నేలకు ఆనించి బండిని లేపాడు. అది తోలు సూటు, రేసు టైర్లు, ఖాళీగా పరుచుకున్న ట్రాక్, ఏళ్ల సాధన ఉన్న మనిషి చేసిన పని. రోడ్డు మీద కాలు పెట్టి ఆపాలని చూస్తే చీలమండ విరుగుతుంది. పడటం ఖాయమైతే హ్యాండిల్ వదిలేసి, బండికి దూరంగా జారండి.

మైదానంలో సాధన

ముందు తిన్నగా 40 స్పీడులో వెళ్తూ ముందు బ్రేకును మెల్లగా పెంచి ఆపడం సాధన చేయండి, లివర్ ఎక్కడ పట్టుకుంటుందో వేలికి తెలిసేదాకా. తర్వాత కేంద్రం నుంచి 10 మీటర్ల దూరంలో వృత్తం గీసి, 20 స్పీడులో దాని మీద తిరగండి. వంపు 17, 18 డిగ్రీలే ఉంటుంది, భయపడాల్సిందేమీ లేదు. ఆ వృత్తంలో చేతులు వదులు చేయడం, రేజ్ నిలకడగా ఉంచడం, లేపి బ్రేకు వేసి ఆగడం, ఈ మూడూ రెండు వైపులా చేయండి. చాలామందికి ఒకవైపు బాగా వస్తుంది, రెండోవైపు రాదు. రాని వైపు ఎక్కువసేపు తిరగండి.

ఈ మైదానంలో ముందు టైరు ఎక్కడ జారుతుందో కావాలని జార్చి చూడకండి. ఆ పని శిక్షకుడి సమక్షంలో, దానికోసం చేసిన బళ్ల మీద చేయాల్సింది.

తరచూ చేసే తప్పులు

బండి గంభీరంగా కనబడాలని ముందు కంపెనీ సైజు కంటే వెడల్పు టైరు వేయడం మొదటిది. సన్నటి రిమ్ములో వెడల్పు టైరు ముడుచుకుని దాని గుండ్రం మారిపోతుంది, మలుపులోకి వాలే తీరు పాడవుతుంది. వెనక టైరు కొత్తది వేసి, గుండు అయిన ముందు టైరును "ఇంకొన్నాళ్లు చూద్దాం" అని ఉంచడం రెండోది, ఇది మరీ అన్యాయం. ఫుట్‌రెస్టో సెంటర్ స్టాండో నేలకు రాసుకున్నా ఇంకా వాల్చడం మరొకటి. ఫుట్‌రెస్ట్ మడుచుకుంటుంది, స్టాండ్ మడుచుకోదు, చక్రాన్నే నేల నుంచి లేపేస్తుంది. టైరు అంచుల్లో అరగని పట్టీ ఎంత మిగిలిందో చూసి ధైర్యాన్ని కొలవడం కూడా మానుకోండి. ఆ పట్టీ ఉండటం లోపం కాదు, అత్యవసరానికి దాచిపెట్టుకున్న పట్టు.

సరిగ్గా వచ్చిందో లేదో ఎలా తెలుసుకోవాలి

మీ మనిషిని వెనక ఇంకో బండి మీద రమ్మని, మీ బ్రేకు లైటును మాత్రమే గమనించమనండి, లేదా మైదానం పక్కన నిలబడి ఫోన్‌లో వీడియో తీయమనండి. బండి వాలడం మొదలవక ముందే లైటు ఆరిందా? వంపు మధ్యలో ఒక్క క్షణమైనా మళ్లీ వెలిగిందా? మలుపు ముందు స్పీడు సరిగ్గా తగ్గిస్తే మధ్యలో వెలగాల్సిన పని లేదు. "నేను వేయలేదు" అని గట్టిగా నమ్మేవాళ్ల వీడియోల్లో కూడా ఆ లైటు వెలుగుతుంటుంది. వేళ్లు భయంతో తమంతట తామే లివర్ మీదకు వెళ్తాయి. రోడ్డు ఖాళీగా ఉండి, ముందంతా కనబడుతున్నప్పుడు మలుపులో ఆ వేళ్లను లివర్ మీద నుంచి తీసేసి చూడండి.

ప్రయాణం ముగిశాక ముంజేతులు నొప్పిగా ఉంటే హ్యాండిల్ ఇంకా బిగపడుతున్నారు. గేజ్‌తో వేడి టైరు గాలి కొలవండి. చల్లగా ఉన్నప్పటి కంటే 10 శాతం అటూఇటూ పెరగడం మామూలు. అంతకంటే చాలా ఎక్కువ పెరిగిందంటే మొదట్లోనే గాలి తక్కువ ఉందని అనుమానించి, మర్నాడు చల్లగా ఉన్నప్పుడు మళ్లీ చూడండి. వేడిగా ఉన్నప్పుడు గాలి తీసేయొద్దు.

ఇంకొకటి, నిజంగా జారిందా, జారినట్టు అనిపించిందా అనేది తేల్చుకోండి. రోడ్డు పొడవునా ఉన్న గాడుల మీద, రెండు తార్ల అతుకు మీద వెళ్తే హ్యాండిల్ అటూఇటూ ఊగుతుంది. అది జారడం కాదు, టైరు ఆ గాడిని పట్టుకుని వెళ్తోంది. తిన్నని రోడ్డు మీద కూడా ఊగుతుంటే గాలి, కోన్‌సెట్ మళ్లీ చూడండి. మలుపులో మాత్రమే, అదీ ఒకే చోట అయితే బండి ఆపి నడుచుకుంటూ వెనక్కి వెళ్లి, బూటు అడుగుతో ఆ రోడ్డును రాసి చూడండి. పొడి ఇసుకా, నూనే వెంటనే తెలిసిపోతుంది.

ఒకసారి పడి ఉంటే, ఎంత మెల్లగా పడినా సరే, మళ్లీ ఎక్కే ముందు ముందు చక్రానికి ఎదురుగా నిలబడి హ్యాండిల్ తిన్నగా పెట్టి చూడండి. చక్రం, హ్యాండిల్ ఒకే వరసలో లేకపోతే ఫోర్కులు మెలితిరిగాయి. బ్రేకు లివర్ వంగి, వదిలినా పూర్తిగా వెనక్కి రాకుండా ఉందేమో చూడండి. చక్రాన్ని లేపి చేత్తో తిప్పండి, స్వేచ్ఛగా తిరగాలి. ఎక్కడైనా పట్టేస్తుంటే ఆ బండిని నడుపుకుంటూ కాదు, ఎక్కించుకుని మెకానిక్ దగ్గరకు తీసుకెళ్లండి.